పాలచౌడు, కారుచౌడు, వ్యర్థాల చెరువు: కృష్ణా పశ్చిమ డెల్టా అనుభవం వెలుగులో తుమ్మలపల్లె నేల, నీటి శుద్ధి ప్రశ్న

వ్యాస సంగ్రహం

అణు ఇంధన పరిశ్రమ ఉన్నచోట నేలకూ భూగర్భజలానికీ కలిగే హానిని సాధారణంగా రేడియో ధార్మికత కోణంలోనే చర్చిస్తారు. కాని ఆయా ప్రాంతాల రైతుల బావుల్లోకి ముందుగా చేరగలిగేవి సోడియం, కార్బొనేటు, నైట్రేటు, క్రోమియం వంటి రసాయనాలు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కర్మాగారం పరిసరాలలో తలెత్తిన ప్రశ్నను ఈ వ్యాసం కృష్ణా పశ్చిమ డెల్టాలో చౌడునేలల బాగు చరిత్రతో కలిపి పరిశీలిస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల అనుభవం నేల శుద్ధిని గురించి ఏ సూత్రాలను అందిస్తుంది? వాటిలో ఏవి తుమ్మలపల్లెకు వర్తిస్తాయి? ఏవి వర్తించవు? నీటి పూర్వస్థితిని నమోదు చేయకపోతే నిరూపణ భారం ఎవరిమీద పడుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెదకడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: చౌడునేల, దొరువు, మురుగు పారుదల, తుమ్మలపల్లె, యురేనియం, భూగర్భజలం, నిరూపణ భారం

1. ఉపోద్ఘాతం

అణు పరిశ్రమను గురించి తెలుగులో సాగిన చర్చ చాలావరకు రెండు కొసల మధ్య నడిచింది. ఒక కొసన విద్యుత్తు, దేశ స్వావలంబన ఉన్నాయి. రెండో కొసన రేడియో ధార్మికత, క్యాన్సరు భయం ఉన్నాయి. ఈ రెండింటి నడుమ బావినీటి రుచి మారడం, పొలంలో తెల్లటి పొర కట్టడం, అరటితోట ఎదగకపోవడం వంటి విషయాలకు చోటు తక్కువగా దొరికింది. నేల, నీరు మారిపోవడాన్ని గ్రామస్థులు మొదట గుర్తించేది ఇటువంటి ఆనవాళ్లతోనే.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో యురేనియం గనిగాని, శుద్ధి కర్మాగారంగాని లేవు. అయినా నేలలో చేరిన లవణాన్ని బయటికి పంపడం ఎట్లా అన్న ప్రశ్నను తరతరాలుగా ఎదుర్కొన్న ప్రాంతం ఇది. ఈ ప్రశ్నకు ఇక్కడ రైతులు, ఇంజనీర్లు, వ్యవసాయ శాస్త్రవేత్తలు వేరువేరు కాలాల్లో సమాధానాలు వెదికారు. ఆ వెదుకులాటలో స్థిరపడిన మాటలూ పద్ధతులూ మనకు ఇప్పటికీ అందుబాటులో ఉన్నాయి. సుమారు మూడువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న తుమ్మలపల్లెను అర్థం చేసుకోవడానికి అవి పనికివస్తాయి. ఎందుకంటే రెండుచోట్లా ప్రధాన పాత్రధారి ఒకటే: సోడియం.

2. నీరు వచ్చింది, మురుగు పోలేదు

విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో అందుబాటులోకి వచ్చింది. ఆనకట్ట వల్ల పశ్చిమ డెల్టాకు కాలువనీరు దక్కింది. తెనాలి పట్టణం మీదుగా మూడు కాలువలు పారుతాయి. అక్కడినుంచి దక్షిణంగా, ఆగ్నేయంగా వెళ్లేకొద్దీ నేల పల్లమై, సముద్రం దగ్గరై, రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల దిక్కున కాలువల చివరి భూములు వస్తాయి.

కాలువ చరిత్రను మనం పంట చరిత్రగా చెప్పుకోవడం పరిపాటి. దానికి మురుగు చరిత్ర అనే మరో ముఖం ఉంది. చేలోకి వచ్చిన నీటిలో కొంత పైరు తాగుతుంది, కొంత ఆవిరవుతుంది, మిగిలినది భూమిలోకి ఇంకుతుంది. ఆవిరైన నీరు తనలోని లవణాన్ని వెంట తీసుకుపోదు. మురుగుకు దారి లేనిచోట నీటిమట్టం పైకి లేస్తుంది. నేల అడుగున ఉన్న ఉప్పునీరు సన్నటి రంధ్రాల గుండా పైకి పాకి, ఎండకు ఆరి, లవణాన్ని పైపొరలో వదులుతుంది. పల్లపు భూముల్లోను, కాలువల చివరి భూముల్లోను ఈ సమస్య ముదిరింది.

ఈ విషయంలో ప్రభుత్వం చేసిన చట్టం ఒకటి గమనింపదగినది. కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంతాల మురుగు పన్ను చట్టం 1968లో వచ్చింది. మురుగు కాలువల పనులకు కావలసిన ధనంలో కొంత ఆయకట్టు భూములనుంచే పన్నుగా రాబట్టడం దాని ఉద్దేశం. కాలువనీటివల్ల లాభపడిన భూములే ఆ నీరు మిగిల్చిన మురుగు ఖర్చులో పాలు పంచుకోవాలన్న భావన ఇందులో ఉంది. నీటిని తెచ్చిన వ్యవస్థకు మురుగును పంపే బాధ్యత కూడా ఉంటుందని, ఆ బాధ్యతకు ఖర్చు ఉంటుందని డెల్టా సుమారు వందేళ్ల తరువాత చట్టరూపంలో ఒప్పుకుంది. శుద్ధి ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నకు ఈ గడ్డమీద దొరికే తొలి సమాధానాల్లో ఇదొకటి.

3. పాలచౌడు, కారుచౌడు

తెలుగు వ్యవసాయ పరిభాషలో చౌడునేలలను రెండు రకాలుగా చెబుతారు. మొదటిది పాలచౌడు. ఇందులో నీటిలో తేలికగా కరిగే లవణాలు ఎక్కువ. ఎండినప్పుడు నేలమీద తెల్లటి పొర కడుతుంది. రెండోది కారుచౌడు. ఇందులో మట్టి రేణువులకు సోడియం అంటుకొని ఉంటుంది. నేల క్షారగుణం పెరిగి, ఉదజని సూచిక 8.5 దాటుతుంది. సేంద్రియ పదార్థం కరిగి పైకి తేలడంతో నేల నల్లబడుతుంది. తడిస్తే జిగురుగా, ఎండితే రాయిలా మారుతుంది. నీరు కిందికి దిగదు.

పేర్లు రంగునుబట్టి పుట్టినా వాటి వెనుక ఉన్న భేదం కచ్చితమైనది. పాలచౌడుకు మందు మంచినీరే. మడికి గట్లువేసి నీరు నిలగట్టి, లవణాన్ని కరిగించి, మురుగు కాలువలోకి వదలాలి. కారుచౌడుకు ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ నీరు నేలలోకి దిగదు కాబట్టి, ముందు మట్టిరేణువును అంటుకొన్న సోడియాన్ని విడిపించాలి. అందుకు జిప్సం వేస్తారు. జిప్సంలోని కాల్షియం సోడియం స్థానాన్ని ఆక్రమిస్తుంది. విడివడిన సోడియం సల్ఫేటుగా నీటిలో కరుగుతుంది. ఆ తరువాత దాన్ని మురుగునీటితో బయటికి పంపాలి. జీలుగ వంటి పచ్చిరొట్టను దున్నడం ఈ పనికి తోడ్పడుతుంది.

చౌడుమట్టిని రజకులు బట్టలు ఉబ్బవేయడానికి వాడిన సంగతి తెలిసిందే. మురికిని వదిలించే ఆ గుణం అందులోని సోడియం కార్బొనేటుది. తుమ్మలపల్లెలో రాతినుంచి యురేనియాన్ని వదిలించేది కూడా ఇదే పదార్థం. ఈ పోలికను ఐదో విభాగంలో వివరిస్తాను.

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో ప్రారంభమైంది. చౌడునేలలు, ఉప్పునీటి వినియోగంపై అఖిల భారత సమన్విత పరిశోధన పథకానికి బాపట్ల ఒక కేంద్రం. 1990ల ద్వితీయార్ధంలో నెదర్లాండ్స్ సహకారంతో సాగిన పథకంలో భాగంగా ఉప్పుగుండూరు, కొణంకి గ్రామాల్లో భూమి అడుగున రంధ్రాల గొట్టాలు పరచి ఉప్పునీటిని బయటికి తీసే ప్రయోగాలు చేశారు. పేరులోనే ఉప్పు ఉన్న ఊరిలో ఆ ప్రయోగం జరగడం యాదృచ్ఛికం కావచ్చు. ఒక ఊరిపేరు ఆ నేల స్వభావాన్ని ఎంతకాలం మోసుకురాగలదో మాత్రం అది తెలియజేస్తుంది.

ఈ అనుభవాల సారం ఒకటే. లవణం నశించదు, కదులుతుంది. నేలను బాగుచేయడమంటే లవణానికి దారి చూపడం. ఆ దారి చివర మురుగు కాలువ, ఏరు, సముద్రం ఏదో ఒకటి ఉండాలి.

4. దొరువు: కొలతెరిగిన తోడకం

బాపట్ల, చీరాల తీరంలోని ఇసుకనేలల్లో మరో రకమైన పరిజ్ఞానం కనిపిస్తుంది. ఇసుకలోకి ఇంకిన వాననీరు అడుగున ఉన్న ఉప్పునీటిపై తేలుతుంది. మంచినీటికన్నా సముద్రపు నీరు సుమారు రెండున్నర శాతం బరువెక్కువ. ఈ స్వల్ప భేదం వల్ల, సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక అడుగు ఎత్తున ఉంటే, మట్టానికి కింద సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరే ఉండాలి. పందొమ్మిదో శతాబ్ది చివరలో గైబెన్, ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో హెర్ట్స్‌బర్గ్ అనే ఇద్దరు ఐరోపా పరిశోధకులు విడివిడిగా ఈ సంబంధాన్ని ప్రకటించారు. దీని తిరుగుముఖం ప్రమాదకరమైనది. పైన ఒక అడుగు నీరు తోడితే, అడుగున ఉప్పునీరు 40 అడుగులు పైకి రావడానికి సిద్ధంగా ఉంటుంది.

తీరప్రాంత రైతులు ఈ సూత్రం తెలియకుండానే దానికి తగినట్టు మెలగారు. లోతైన బావికి బదులు వెడల్పుగా, లోతు తక్కువగా దొరువు తవ్వారు. ఊరిన మేరకే నీరు తోడుకొని నారుమళ్లకూ కూరగాయలకూ పోసుకున్నారు. బాపట్ల పరిశోధకులు ఈ దొరువునే మెరుగుపరచి, తక్కువ లోతులో రంధ్రాల గొట్టాలను అడ్డంగా పరచి, మధ్యలోని బావిలోకి మంచినీటి పైపొర మాత్రమే చేరే పద్ధతిని రూపొందించారు.

దొరువునుంచి గ్రహించవలసింది ఏమిటి? భూగర్భజలాన్ని తోడడం తటస్థమైన పని కాదు. ఎక్కడ, ఎంత లోతున, ఎంత వేగంతో తోడామన్నదాన్నిబట్టి చెడునీరు ఎటు కదలాలో నిర్ణయమవుతుంది. ఒకరి పని మరొకరి నీటిని మార్చవచ్చు. తీరంలో రొయ్యల చెరువులు విస్తరించినప్పుడు ఈ సత్యం తగాదా రూపంలో బయటపడింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై ఇచ్చిన తీర్పులో పొలాలు, తాగునీటి బావులు ఉప్పుబారడం ఒక ముఖ్య విషయం.

5. తుమ్మలపల్లె: అదే సోడియం, మరో పాత్ర

యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ. ఉమ్మడి కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెలో ఆ సంస్థ ప్రాజెక్టుకు 2007లో శంకుస్థాపన జరిగింది. కర్మాగారం 2012లో పని మొదలుపెట్టింది. రోజుకు 3,000 టన్నుల ముడిఖనిజాన్ని శుద్ధిచేసే సామర్థ్యంతో దాన్ని నిర్మించారు.

జార్ఖండ్‌లోని జాదుగూడలో యురేనియాన్ని గంధకామ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లెలో అది సాధ్యం కాదు. ఇక్కడి ఖనిజం వేంపల్లె శిలాశ్రేణికి చెందిన డోలమైటు సున్నపురాయిలో ఉంది. ఆమ్లం పోస్తే రాయి మొత్తం ఆమ్లాన్ని తాగేస్తుంది. అందువల్ల ఖనిజాన్ని మెత్తగా నూరి, సోడియం కార్బొనేటు, సోడియం బైకార్బొనేటు ద్రావణంలో వేడి, పీడనం, ఆక్సిజన్ సాయంతో యురేనియాన్ని కరిగిస్తారు. తరువాత సోడియం హైడ్రాక్సైడుతో దాన్ని సోడియం డైయురేనేటుగా అవక్షేపం చేస్తారు. ఉబ్బవేసిన బట్టనుంచి మురికిని వదిలించే క్షారమే ఇక్కడ రాతినుంచి లోహాన్ని వదిలిస్తుంది.

ఈ ఖనిజంలో యురేనియం పాలు 0.05 శాతానికి లోపే. అంటే టన్ను రాయిని నూరితే అరకిలో యురేనియం కూడా రాదు. మిగిలిన రాతిపిండి దాదాపు అంతా వ్యర్థంగా, సోడియం లవణాలు కలిసిన బురదనీటి రూపంలో గొట్టాల గుండా వ్యర్థాల నిల్వ ప్రదేశానికి చేరుతుంది. యురేనియం తీసివేసినా దాని సంతానమైన థోరియం-230, రేడియం-226 ఆ పిండిలోనే ఉంటాయి. ఖనిజంలోని రేడియో ధార్మికతలో అధికభాగం అక్కడే మిగులుతుంది. రేడియం అర్ధాయువు సుమారు 1,600 ఏళ్లు, థోరియం-230 అర్ధాయువు సుమారు 75,000 ఏళ్లు.

వ్యర్థాల నిల్వకు సమీపంలో ఉన్న కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె వంటి గ్రామాల రైతులు బోరునీరు చెడిందని, పంటలు దెబ్బతిన్నాయని, చర్మవ్యాధులు వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. అనుమతి షరతుల ప్రకారం నిల్వ అడుగున బెంటొనైటు బంకమట్టి, పాలిథిన్ పొరలు వేయలేదని విశ్రాంత శాస్త్రవేత్త కె. బాబూరావు మొదలైనవారు ఆరోపించారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థను వివరణ కోరింది. నిల్వ అడుగుపొర తగినంత గట్టిదని, ఈ ప్రాంతపు నీటిలో యురేనియం సహజంగానే ఉందని సంస్థ వాదించింది. ఈ వివాదంలో తీర్పు చెప్పడం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. వివాదం తేలకపోవడానికి కారణమేమిటన్నది మాత్రం చరిత్ర విద్యార్థికి సంబంధించిన ప్రశ్న. దాన్ని తొమ్మిదో విభాగంలో పరిశీలిద్దాం.

6. చెరువు అనే మాట

వ్యర్థాల నిల్వను పత్రికలు టెయిలింగ్ పాండ్ అనీ, వ్యర్థాల చెరువు అనీ రాస్తాయి. రాయలసీమలో చెరువు అనే మాటకు గట్టి అర్థం ఉంది. చెరువుకు కట్ట, తూము, అలుగు ఉంటాయి. తూము ఆయకట్టుకు నీరిస్తుంది. అలుగు ఎక్కువైన నీటిని కింది చెరువుకు పంపుతుంది. అంతకన్నా ముఖ్యంగా, చెరువు నిండితే కట్ట కింది బావులు ఊరుతాయి. నీరు భూమిలోకి ఇంకడం చెరువు లోపం కాదు, దాని ప్రయోజనం.

వ్యర్థాల నిల్వకు ఉండవలసిన లక్షణాలు దీనికి పూర్తిగా విరుద్ధం. దానికి తూము ఉండకూడదు, అలుగు పారకూడదు, కింది బావులు దానివల్ల ఊరకూడదు. ఒకే మాట రెండు విరుద్ధ వ్యవస్థలకు వాడుకలోకి రావడం వల్ల ప్రమాదం పరిచితమైన రూపంలో కనిపిస్తుంది. కట్ట ఉన్నచోట ఊట ఉంటుందన్నది సీమ రైతుకు తరతరాల అనుభవం. అందువల్ల నిల్వ కింది బావుల్లో నీరు మారిందని అతడు చెప్పినప్పుడు అది వట్టి అనుమానం కాదు. చెరువు ప్రవర్తనను గురించి అతనికున్న పరిజ్ఞానంనుంచి పుట్టిన పరికల్పన. దాన్ని కొలతలతో పరీక్షించవలసిన బాధ్యత సంస్థలది.

7. రేడియో ధార్మికత నీడలో రసాయనం

సహజ యురేనియంలో అధికభాగమైన యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల ఏళ్లు. ఇంత నెమ్మదిగా క్షీణించే మూలకం ధార్మికత తక్కువ. తాగునీటిలో దానివల్ల ప్రధానంగా హాని కలిగేది మూత్రపిండాలకు. అది సీసం, కాడ్మియం వంటి భారలోహంగా, రసాయనికంగా కలిగే హాని. అందువల్లే ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి మార్గదర్శక విలువను రసాయన విషగుణం ఆధారంగా నిర్ణయించింది. ఆ విలువ లీటరుకు 1998లో 2 మైక్రోగ్రాములు, 2004లో 15, 2011లో 30. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి 60 మైక్రోగ్రాములను పరిమితిగా పాటించింది. తరువాత భారతీయ ప్రమాణాల సంస్థ 30ని స్వీకరించింది. ఒకే బావినీరు ఒక ప్రమాణం ప్రకారం తాగదగినది, మరో ప్రమాణం ప్రకారం తాగరానిది అయ్యే పరిస్థితి ఈ అంకెల చరిత్రలో ఉంది.

యురేనియం నేలలో ఎట్లా కదులుతుందన్నది కూడా రసాయన ప్రశ్నే. ఆక్సిజన్ తక్కువైన చోట అది దాదాపు కరగని రూపంలో స్థిరంగా ఉంటుంది. ఆక్సిజన్, కార్బొనేటు సమృద్ధిగా ఉన్న క్షారజలంలో యురేనైల్ కార్బొనేటుగా కరిగి తేలికగా ప్రయాణిస్తుంది. కర్మాగారంలో యురేనియాన్ని కరిగించడానికి కల్పించే పరిస్థితే వ్యర్థజలం నేలలోకి దిగితే అక్కడ కూడా కొంతమేర ఏర్పడుతుంది.

ఇక్కడ డెల్టా అనుభవాన్ని యథాతథంగా అన్వయించడంలో ఒక చిక్కు ఉంది. సోడియం, కార్బొనేటు చేరిన పొలం కారుచౌడు లక్షణాలు పొందుతుంది. బాపట్ల శాస్త్రం ప్రకారం దానికి మందు జిప్సం. కాని యురేనియం కూడా ఉన్నచోట కాల్షియం, యురేనైల్, కార్బొనేటు మూడూ కలిసి స్థిరమైన కరిగే సంయోగంగా ఏర్పడగలవు. అప్పుడు యురేనియం మట్టికి అంటుకోకుండా నీటితోనే పోవచ్చు. మరోవైపు జిప్సం కార్బొనేటును సున్నంగా అవక్షేపం చేసి, యురేనియం కదలికను తగ్గించనూవచ్చు. ఏది జరుగుతుందో ఆ పొలం మట్టిని, ఆ బావి నీటిని పరీక్షించి చూస్తేగాని తెలియదు. పొలాన్ని బాగుచేయబోయి పక్కవాడి బావిని చెడగొట్టే ప్రమాదం ఉందన్నమాట. దొరువు నేర్పిన జాగ్రత్త ఇక్కడ జిప్సం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

8. ఇతర దేశాల అనుభవం: తోడడం, తరలించడం, బిగించడం

అణుస్థలాల నేలను, నీటిని శుద్ధిచేయడానికి ఇతర దేశాల్లో జరిగిన ప్రయత్నాలను మూడు మాటల్లో చెప్పవచ్చు.

మొదటిది తోడడం. అమెరికాలో కొలంబియా నది ఒడ్డున ఉన్న హాన్‌ఫర్డ్‌లో 1944నుంచి 1987వరకు తొమ్మిది రియాక్టర్లు ప్లుటోనియం తయారుచేశాయి. శీతలజలం వల్ల గొట్టాలు తుప్పుపట్టకుండా అందులో సోడియం డైక్రోమేటు కలిపేవారు. ఆ క్రోమియం భూగర్భజలంలో చేరి నది వైపు కదిలింది. ప్లుటోనియం శుద్ధిలో వాడిన కార్బన్ టెట్రాక్లోరైడు మరోచోట నేలలోకి దిగింది. 1989లో కేంద్ర, రాష్ట్ర సంస్థల మధ్య శుద్ధి ఒప్పందం కుదిరింది. బావులనుంచి చెడునీటిని తోడి, రెజిన్ల వంటివాటి గుండా వడగట్టి, తిరిగి భూమిలోకి పంపుతున్నారు. నది పక్కన క్రోమియం విస్తృతి తగ్గింది. అయినా ఒప్పందం కుదిరి మూడు దశాబ్దాలు దాటినా పని పూర్తికాలేదు. 177 భూగర్భ తొట్లలో నిల్వచేసిన సుమారు 21 కోట్ల లీటర్ల ద్రవవ్యర్థాల సమస్య దీనికి అదనం.

రెండోది తరలించడం. అమెరికాలోనే మోయాబ్ వద్ద 1956నుంచి 1984వరకు నడిచిన యురేనియం కర్మాగారం సుమారు 1.6 కోట్ల టన్నుల వ్యర్థాన్ని కొలరాడో నది ఒడ్డున వదిలింది. దానినుంచి అమోనియా, యురేనియం భూగర్భజలంలోకి దిగాయి. 2009నుంచి ఆ గుట్టను రైళ్లలో సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని క్రెసెంట్ జంక్షన్‌కు తరలించి పూడ్చారు. నది బాగుపడటానికి మరో నేల ఆ భారాన్ని స్వీకరించవలసి వచ్చింది.

మూడోది బిగించడం. కొలరాడో రాష్ట్రంలోని రైఫిల్ వద్ద పరిశోధకులు భూగర్భజలంలోకి అసిటేటు పంపి, దానిపై బతికే జియోబాక్టర్ సూక్ష్మజీవుల ద్వారా కరిగిన యురేనియాన్ని కరగని రూపంలోకి మార్చారు. హాన్‌ఫర్డ్‌లో ఒకచోట ఫాస్ఫేటు ద్రావణాన్ని నేలలోకి పంపి యురేనియాన్ని ఖనిజరూపంలో బంధించే ప్రయత్నం చేశారు. సూక్ష్మజీవుల పద్ధతిలో ఆక్సిజన్ తిరిగి చేరితే యురేనియం మళ్లీ కరిగే అవకాశం ఉంది. కాబట్టి అది కాపలా అవసరమైన శుద్ధి.

ఖర్చు విషయంలో జర్మనీ అనుభవం స్పష్టమైనది. తూర్పు జర్మనీలో విస్మూట్ సంస్థ 1946నుంచి 1990వరకు రెండు లక్షల టన్నులకు పైగా యురేనియం ఉత్పత్తి చేసింది. దేశం ఏకమైన తరువాత 1991లో ప్రత్యేక చట్టం ద్వారా శుద్ధి బాధ్యతను కేంద్ర ప్రభుత్వం స్వీకరించింది. అందుకు మొదట కేటాయించిన మొత్తం 1,300 కోట్ల మార్కులు. గనులు మూతపడి మూడు దశాబ్దాలు దాటినా గనినీటిని శుద్ధిచేసే కేంద్రాలు నడుస్తూనే ఉన్నాయి.

ఈ మూడు పద్ధతుల్లో ఏదీ కొత్తది కాదు. తోడడం ఉప్పుగుండూరు గొట్టాలలో ఉంది. తరలించడం మురుగు కాలువలో ఉంది. ఒక అయాన్‌ను మరో అయాన్‌తో మార్చి నేల గుణాన్ని మార్చడం జిప్సంలో ఉంది. భేదమల్లా దారి చివరి మజిలీలోనే. పాలచౌడు లవణం సముద్రానికి పోతే అది వచ్చినచోటికే చేరినట్టు. రేడియం, యురేనియం ఉన్న నీటికి పెన్న ఒడ్డున అటువంటి చివరి మజిలీ లేదు. సీమలో వాన తక్కువ. నేలను కడిగి శుభ్రం చేయడానికి కావలసిన మంచినీరే అక్కడ అపురూపం. డెల్టా పద్ధతిని సీమకు తీసుకుపోవడంలో ఇది ప్రధానమైన పరిమితి.

9. నిరూపణ భారం

తుమ్మలపల్లె వివాదం ఒక ప్రశ్న దగ్గర ఆగింది. బావిలోని యురేనియం రాతినుంచి సహజంగా వచ్చిందా, వ్యర్థాల నిల్వనుంచి ఊరిందా? రెండు వాదాలూ శాస్త్రరీత్యా అసంభవం కావు. యురేనియం ఖనిజం ఉన్న ప్రాంతంలో నీటిలో కొంత యురేనియం ఉండవచ్చు. నిల్వనుంచి ఊట దిగితే సోడియం, సల్ఫేటు, కార్బొనేటు కూడా దానితోపాటు పెరగాలి. ఈ సంకేతాల సమూహాన్ని, అవి ఏ కాలంలో ఏ దిక్కున పెరిగాయన్న వరుసను పరిశీలిస్తే మూలాన్ని వేరుచేయడానికి ఆధారం దొరుకుతుంది. అయితే అందుకు గని తెరవకముందు ప్రతి బావిలో ఏముందో నమోదై ఉండాలి. ఆ నమోదు గ్రామస్థుల చేతిలో ఉండాలి. అది లేనప్పుడు ఇవాళ్టి కొలత ఎంత కచ్చితమైనదైనా రెండు పక్షాలూ తమకు అనుకూలంగా చదువుకోగలుగుతాయి.

న్యాయశాస్త్రం ఈ చిక్కును గుర్తించింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ఎం.వి. నాయుడు మధ్య నడిచిన వ్యాజ్యంలో 1999లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని, నిరూపణ భారాన్ని విపులంగా చర్చించింది. హైదరాబాదుకు మంచినీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల సమీపంలో పరిశ్రమ పెట్టడానికి సంబంధించిన వ్యాజ్యమది. పర్యావరణాన్ని మార్చదలచినవారే తమ చర్య హానికరం కాదని నిరూపించాలన్నది ఆ చర్చ సారాంశం. అంతకు మూడేళ్ల ముందు, 1996లో, కాలుష్యకారకుడే శుద్ధి ఖర్చు భరించాలన్న సూత్రాన్ని అదే న్యాయస్థానం బిచ్రి, వెల్లూరు తీర్పుల్లో స్థిరపరచింది.

సూత్రం ఇట్లా ఉన్నా ఆచరణలో భారం బోరు ఉన్న రైతుమీద పడుతోంది. నీటి నమూనాను పట్టణానికి పంపించి పరీక్ష చేయించుకోవాలి. ఫలితం ఆంగ్లంలో, మైక్రోగ్రాముల లెక్కలో వస్తుంది. దాన్ని అర్థం చేసుకొని, తన బావి చెడటానికి కారణం తన నేల కాదని తానే రుజువు చేయాలి. డెల్టాలో ఇట్లా జరగలేదు. చౌడు ఎక్కడ ఉందో, ఎంత ఉందో, ఏ రకమో సర్కారు పరిశోధన కేంద్రమే కొలిచి, రైతుకు తెలిసిన మాటల్లో చెప్పింది. పాలచౌడు, కారుచౌడు అన్న రెండు మాటలు ఉండడం వల్ల రైతు తన సమస్యను తానే వర్గీకరించుకొని, దానికి తగిన మందు అడగగలిగాడు. తుమ్మలపల్లె రైతుకు అటువంటి మాటలు ఇంకా ఏర్పడలేదు. నీళ్లు చెడ్డాయి అనే ఒక్క వాక్యంలో సోడియం, సల్ఫేటు, యురేనియం అన్నీ కలగాపులగమై ఉన్నాయి.

10. ముగింపు

తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఇంకా తెరవని గనిని తెరవకుండా ఆపవచ్చు. తెరచిన గని సంగతి వేరు. తుమ్మలపల్లెలో రేపు తవ్వకం ఆగినా ఇప్పటికే చేరిన రాతిపిండి, అందులోని నీరు అక్కడే ఉంటాయి. గనిని మూయవచ్చుగాని వ్యర్థాల నిల్వకు కాపలాను మూయడం సాధ్యం కాదు. అందువల్ల ప్రాజెక్టును సమర్థించేవారికీ వ్యతిరేకించేవారికీ శుద్ధి అన్నది ఉమ్మడి ప్రశ్న.

ఈ పరిశీలనలో తేలిన విషయాలు:

• నేల శుద్ధి పదార్థాన్ని మాయం చేయదు, చోటు మారుస్తుంది లేదా అక్కడే బంధిస్తుంది. కాబట్టి ఏ శుద్ధి ప్రణాళిక అయినా వ్యర్థం చివరికి చేరే చోటును, ఆ చోటి ప్రజలను పేర్కొనాలి.

• కృష్ణా పశ్చిమ డెల్టాలో చౌడునేలల బాగు, మురుగుకు దారి, రకాన్నిబట్టి చికిత్స, నిరంతర కొలత అనే మూడింటిపై ఆధారపడింది. వీటిలో చివరి రెండూ తుమ్మలపల్లెకు నేరుగా వర్తిస్తాయి. మొదటిది అక్కడి వర్షపాతం, వ్యర్థ స్వభావం దృష్ట్యా వర్తించదు.

• అణుస్థలాల్లో రసాయన కాలుష్యాన్ని రేడియో ధార్మికతలో అంతర్భాగంగా కాక విడిగా కొలిచి ప్రకటించాలి. గీగర్ యంత్రం మోగనంత మాత్రాన నీరు మంచిదని చెప్పలేము.

• కారుచౌడుకు వాడే జిప్సం వంటి చికిత్సను యురేనియం ఉన్న నేలలో ప్రయోగాత్మక పరిశీలన లేకుండా చేపట్టరాదు.

• కొత్తగా గని, కర్మాగారం ప్రతిపాదించే ప్రతిచోట పని మొదలుకాకముందే బావివారీగా నీటి నమోదు జరగాలి. దాన్ని తెలుగులో గ్రామ పంచాయతీ దగ్గర ఉంచాలి. తుమ్మలపల్లెలో ఆ అవకాశం దాటిపోయింది. అయినా ఇప్పటినుంచి వరుసగా నమోదుచేస్తే, మార్పు ఏ దిక్కుకు సాగుతోందో కొన్నేళ్లలో తెలుస్తుంది.

బాపట్ల తీరంలో దొరువు తవ్వేటప్పుడు ఎంత లోతున ఆపాలో తెలియడం ముఖ్యం. ఆ జ్ఞానం లేనివాడు ఒక్క గడ్డపార వేటు ఎక్కువ వేసినా మంచినీరు పోయి ఉప్పునీరు వస్తుంది. తుమ్మలపల్లె నేల అడుగున ఎంత లోతున ఏముందో తెలిసినవారు ఇవాళ ఆ నేలమీద బతికేవారు కారు. ఆ తెలివిడిని బావుల యజమానులకు అందజేయడమే అక్కడ జరగవలసిన శుద్ధిలో తొలి పని.